అండమాన్ నికోబార్ దీవుల నౌకాదళ నామాలు: ఆకర గ్రంథాల్లో రాసే పద్ధతి

కమోర్తా నికోబార్ దీవుల్లో ఒక ద్వీపం. ఐఎన్‌ఎస్ కమోర్తా ఆ ద్వీపం పేరు పెట్టుకున్న యుద్ధనౌక. అది 2014 ఆగస్టు 23న విశాఖపట్నంలో సేవలో చేరింది. కమోర్తా ద్వీపం మీద ఉన్న నౌకాదళ స్థావరం పేరు మాత్రం ఐఎన్‌ఎస్ కార్దీప్. కార్ నికోబార్ ఇంకో ద్వీపం. ఐఎన్‌ఎస్ కార్ నికోబార్ 2009 ఫిబ్రవరిలో చెన్నైలో సేవలో చేరిన వేగనౌక. దాని పేరుతోనే ఆ నమూనా ఓడలన్నిటినీ కార్ నికోబార్ తరగతి అంటారు. ఒకే మాట నేలను, నీటి మీద తిరిగే ఓడను, ఓడల తరగతిని సూచిస్తుంది. ఈ దీవుల గురించి విజ్ఞాన సర్వస్వంలోనో నిఘంటువులోనో చరిత్ర గ్రంథంలోనో రాసేవారు ముందు తేల్చుకోవలసింది ఇదే: తాము చెబుతున్నది వీటిలో దేని గురించి?

యుద్ధనౌకల పేర్లు రాయడానికి ప్రపంచంలో కొన్ని స్థిరపడిన పద్ధతులు ఉన్నాయి. 1898లో ఫ్రెడ్ టి. జేన్ ఇంగ్లండులో మొదలుపెట్టిన యుద్ధనౌకల వార్షిక గ్రంథం వాటికి పెద్ద ఆధారం. దేశాలవారీగా, తరగతులవారీగా ఓడలను పేర్చి, ప్రతి ఓడకూ పేరు, సంఖ్య, నిర్మాణ వివరాలు, సేవలో చేరిన తేదీ పట్టికగా ఇచ్చే రివాజు అలాంటి గ్రంథాలతో బలపడింది. ఆ పద్ధతుల్లో కొన్ని తెలుగుకు నేరుగా సరిపోతాయి, కొన్ని సరిపోవు. వాటిని పరీక్షించడానికి అండమాన్ సముద్రం కంటే మంచి చోటు మన దేశంలో లేదు. రెండు శతాబ్దాలకు పైగా ఎన్నో జెండాల ఓడలు ఇక్కడికి వచ్చాయి. కొన్ని తమ పేర్లను దీవులకు ఇచ్చాయి, కొన్ని దీవుల పేర్లను తీసుకున్నాయి.

పేరుకు ముందు వచ్చే అక్షరాలు

ఐఎన్‌ఎస్ అంటే భారత నౌకాదళ నౌక. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైనప్పటి నుంచి ఈ అక్షరాలు వాడుకలో ఉన్నాయి. అంతకుముందు రాయల్ ఇండియన్ నేవీ ఓడలకు హెచ్‌ఎంఐఎస్ అని, అంటే ఇంగ్లండు రాజుగారి భారతీయ నౌక అని రాసేవారు. ఆ దళం 1934లో ఏర్పడింది. దానికి ముందున్న రాయల్ ఇండియన్ మెరైన్ కాలంలో ఆర్‌ఐఎంఎస్ అని ఉండేది. ఈస్టిండియా కంపెనీ నాటి ఓడలకు వేరే గుర్తులు ఉండేవి.

ఏ ఓడకైనా అది పనిచేసిన కాలపు అక్షరాలే చేర్చాలన్నది మొదటి నియమం. చెప్పడం తేలికే, పాటించడం దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. పోర్ట్ బ్లెయిర్ నౌకాశ్రయం లోపల వైపర్ అనే చిన్న ద్వీపం ఉంది. 1789 ప్రాంతంలో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ తీరాలను కొలవడానికి వచ్చిన ఓడ పేరే దానికి నిలిచింది. యాత్రికుల కోసం అచ్చువేసే సమాచారంలో ఆ ఓడను హెచ్‌ఎంఎస్ వైపర్ అంటుంటారు. బ్లెయిర్ బొంబాయి మెరైన్ అధికారి. అది కంపెనీ దళం, ఇంగ్లండు రాజుగారి నౌకాదళం కాదు. రాజుగారి ఓడలకు చెందిన అక్షరాలు కంపెనీ ఓడకు తగిలిస్తే ఎవరి డబ్బుతో, ఎవరి ఆజ్ఞతో ఆ సర్వే జరిగిందన్న చరిత్రే మారిపోతుంది. కంపెనీ నౌక వైపర్ అని రాయడమే సరైనది.

1858 మార్చి 10న డాక్టర్ జె. పి. వాకర్‌ను 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చిన ఆవిరి యుద్ధనౌక సెమిరామిస్ సంగతి ఇంకా చిక్కు. 1830 నుంచి కంపెనీ నౌకాదళాన్ని అధికారికంగా ఇండియన్ నేవీ అనే పిలిచేవారు. అందుకని దానికి ఐఎన్‌ఎస్ తగిలిస్తే చదువరి గణతంత్ర భారతం ఓడ అనుకుంటాడు. తిరుగుబాటు ఖైదీలను సంకెళ్లతో దించిన ఓడకు ఆ అక్షరాలు తగవు. ఇక్కడా 'కంపెనీ ఆవిరి నౌక' అని పూర్తిగా రాయడమే మేలు. ఖైదీలను దీవులకు చేరవేసిన ఎస్‌ఎస్ మహారాజా వంటి ఓడలకు నౌకాదళంతో సంబంధం లేదు. ఎస్‌ఎస్ అంటే ఆవిరి ఓడ, ఎంవీ అంటే మోటారు ఓడ. ఈ అక్షరాలు ఇంజను ఎలాంటిదో చెబుతాయి, ఏ ప్రభుత్వానిదో చెప్పవు. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి దీవులకు వెళ్ళే ప్రయాణికుల ఓడలు నేటికీ ఎంవీలే.

ఆర్‌ఐఎంఎస్ ఇన్వెస్టిగేటర్ పేరు శాస్త్ర గ్రంథాల ద్వారా ప్రసిద్ధం. అండమాన్ సముద్రపు లోతుల్లోంచి అది తీసిన జీవుల గురించి, ఆ ఓడ మీద ప్రకృతి పరిశోధకుడిగా పనిచేసిన ఆల్కాక్ 1902లో పుస్తకం రాశాడు. స్వాతంత్ర్యానంతరం భారత నౌకాదళంలోనూ ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక ఉండేది. ముందున్న అక్షరాలు తీసేస్తే ఒకరి పరిశోధన ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

అన్ని నౌకాదళాలకూ ఇలాంటి అక్షరాలు లేవు. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు వరకు దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. ఆ కాలపు జపాన్ నౌకాదళం తన ఓడల పేర్ల ముందు ఏ అక్షరాలూ పెట్టుకోలేదు. ఐజేఎన్ అన్నది తర్వాతి ఇంగ్లిషు రచయితలు సౌకర్యం కోసం చేర్చుకున్నది. 1945 మే 16న మలక్కా జలసంధిలో బ్రిటిష్ విధ్వంసక నౌకల చేతిలో మునిగిన క్రూయిజర్ హగురో, దీవుల్లోని జపాన్ సేనలకు సరుకు చేరవేయడానికి బయలుదేరిన ఓడ. దాన్ని 'జపాన్ క్రూయిజర్ హగురో' అంటే చాలు. లేని బిరుదు తగిలించడం ఎందుకు?

ఒకే అక్షరాలు ఇద్దరు వాడే సందర్భమూ ఉంది. ఇజ్రాయెల్ తన ఓడలకు ఇంగ్లిషులో ఐఎన్‌ఎస్ అనే వాడుతుంది. అంతర్జాతీయ గ్రంథంలో దేశం పేరు చెప్పకుండా ఈ మూడక్షరాలనే నమ్ముకోకూడదు.

నేల మీది ఓడలు

తెలుగు పత్రికల్లో తరచు దొర్లే పొరపాటు ఒకటుంది: ఐఎన్‌ఎస్ అని కనిపించిన ప్రతిదాన్నీ ఓడ అనుకోవడం. పోర్ట్ బ్లెయిర్‌లోని ఐఎన్‌ఎస్ జరావా 1964లో ఏర్పడిన స్థావరం. ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్ అక్కడి విమానస్థావరం, పౌర విమానాలు కూడా దిగేది ఆ రన్‌వే మీదే. ఐఎన్‌ఎస్ కార్దీప్ 1973 నాటిది. గ్రేట్ నికోబార్‌లో క్యాంప్‌బెల్ బే వద్ద 2012 జులై 31న ఐఎన్‌ఎస్ బాజ్, ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గర శిబ్‌పూర్‌లో 2019 జనవరి 24న ఐఎన్‌ఎస్ కోహస్సా సేవలో చేరాయి. ఇవేవీ కదలవు, నీటి మీద తేలవు.

నేల మీద ఉన్నవాటిని ఓడలనడం బ్రిటిష్ వారసత్వం. నౌకాదళ శిక్షాస్మృతి ఓడ మీద ఉన్న నావికులకే వర్తించేది కాబట్టి తీరంలో పనిచేసేవారిని కూడా ఏదో ఒక ఓడ పద్దులో చూపవలసి వచ్చేది. కాలక్రమంలో స్థావరానికే ఓడ పేరు పెట్టి, ఓడలాగే కమిషన్ చేయడం ఆనవాయితీ అయింది. 1804లో కరేబియన్‌లో మార్టినిక్ పక్కన ఉన్న ఒక రాతి దిబ్బను బ్రిటిష్ వారు ఏకంగా యుద్ధనౌకగా నమోదు చేసి హెచ్‌ఎంఎస్ డైమండ్ రాక్ అన్నారు. భారత నౌకాదళం ఈ సంప్రదాయాన్ని కొనసాగిస్తూ దానికి తనదైన క్రమం ఇచ్చింది. విమానస్థావరాలకు పక్షుల పేర్లు పెడుతుంది. ఉత్క్రోశ్, బాజ్, కోహస్సా మూడూ వేటపక్షులే. విశాఖపట్నంలోని ఐఎన్‌ఎస్ డేగ పేరు చూసి తెలుగువారికి అది విమానస్థావరమని వెంటనే తట్టాలి. ఐఎన్‌ఎస్ సర్కార్స్ అదే నగరంలో పూర్వపు ఉత్తర సర్కారుల పేరు మోస్తున్న స్థావరం. ఆసుపత్రులకు ఐఎన్‌హెచ్‌ఎస్ అని రాస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో ధన్వంతరి, విశాఖలో కల్యాణి అలాంటివే. ఈ అక్షరాల్లో ఓడ అనే మాట ఉన్నా అవి నేల మీది ఆసుపత్రులు.

ఆకర గ్రంథంలో ఇలాంటి వాటికి మొదటి వాక్యంలోనే 'స్థావరం', 'విమానస్థావరం', 'ఆసుపత్రి' అని తేల్చి చెప్పాలి. ఐఎన్‌ఎస్ బాజ్‌ను ఓడల జాబితాలో చేర్చిన వ్యాసం ఎంత శ్రమపడి రాసినదైనా నమ్మదగినది కాదు.

తర్ముగ్లీ కథ

భారత నౌకాదళంలో పేర్లను ఖరారు చేయడానికి అంతర్గత నామకరణ సంఘం ఉంది. ఒక్కో రకం ఓడకు ఒక్కో రకం పేర్లు వాడతారు. రాష్ట్ర రాజధానులు, నగరాలు విధ్వంసక నౌకలకు వస్తే, కొండలు, నదులు ఫ్రిగేట్లకు, దీవులు చిన్న యుద్ధనౌకలకు, వేగనౌకలకు వచ్చాయి. అండమాన్, కచ్చల్, కమోర్తా, ట్రింకట్, తిలాంచాంగ్, తారసా, బట్టిమాల్వ్, బారాటాంగ్, కోండుల్: దీవుల పటంలో సగం నౌకాదళం జాబితాలో దొరుకుతుంది. ఓడ రిటైరయ్యాక దాని పేరు కొత్త ఓడకు ఇవ్వడం కూడా పద్ధతే. పాత ఓడ మీద పనిచేసినవారి జ్ఞాపకాన్ని అలా నిలుపుకుంటారు. గ్రంథకర్తకు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

దక్షిణ అండమాన్ పడమటి ఒడ్డున తర్ముగ్లీ అనే ద్వీపం ఉంది. ఆ పేరుతో మొదటి గస్తీ నౌక 2001లో సేవలో చేరింది. 2005లో భారత్ దాన్ని సీషెల్స్‌కు బహుమతిగా ఇచ్చింది, అక్కడ అది టోపాజ్ అయింది. 2016 మే 23న విశాఖపట్నంలో రెండో తర్ముగ్లీ సేవలో చేరింది. దాన్ని 2023 మేలో మాల్దీవులకు ఇచ్చారు, అక్కడ దాని పేరు హురవీ. అప్పటికే మాల్దీవుల వద్ద హురవీ అనే ఓడ ఒకటి ఉంది. అది అంతకుముందు మన ఐఎన్‌ఎస్ తిలాంచాంగ్. 2001లో సేవలో చేరి, 2006లో మాల్దీవులకు వెళ్ళింది. కొత్త హురవీ రాగానే పాతది భారత్‌కు తిరిగి వచ్చింది. బాగుచేసి, 2023 డిసెంబరు 14న విశాఖపట్నంలోనే మళ్ళీ సేవలో చేర్చుకున్నారు, ఈసారి ఐఎన్‌ఎస్ తర్ముగ్లీగా. తిలాంచాంగ్ అనే పాత పేరు దానికి తిరిగి రాలేదు, ఎందుకంటే 2017 మార్చిలో కార్వార్‌లో ఇంకో తిలాంచాంగ్ చేరిపోయింది.

లెక్క కడితే తర్ముగ్లీ పేరుతో మూడు ఓడలు, హురవీ పేరుతో రెండు, తిలాంచాంగ్ పేరుతో రెండు. వీటిలో ఒక ఓడకు రెండు దేశాల్లో మూడు పేర్లు. 'ఐఎన్‌ఎస్ తర్ముగ్లీని మాల్దీవులకు ఇచ్చారు' అన్న వాక్యం నిజమే. 'మాల్దీవులనుంచి వచ్చిన ఓడే ఐఎన్‌ఎస్ తర్ముగ్లీ' అన్నదీ నిజమే. సంవత్సరం లేకపోతే ఈ రెండు నిజాలు ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి.

అందుకే పేరు తర్వాత కుండలీకరణంలో సంవత్సరమో, ఓడ పక్కన రాసే సంఖ్యో ఇవ్వడం ప్రపంచమంతటా రివాజు. నా అభిప్రాయంలో తెలుగు గ్రంథాలకు సంవత్సరమే మేలు. సంఖ్యలు నిపుణులకే గుర్తుంటాయి, పైగా గందరగోళానికీ తావిస్తాయి. కమోర్తా తరగతిని రూపొందించిన ప్రణాళిక సంఖ్య 28, మొదటి ఓడ కమోర్తా పక్కన రాసిన సంఖ్యా 28. ప్రణాళికను, ఓడను ఒకటిగా భావించడానికి ఇంతకంటే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? దీవుల్లో తిరుగుతూ సేనలను ఒడ్డున దించే చిన్న దిగుడు ఓడలకు మాత్రం సంఖ్యే పేరు. 2017 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో చేరిన ఎల్51 నుంచి 2021 మార్చిలో చేరిన ఎల్58 వరకు వాటికి వేరే పేర్లు లేవు. అక్కడ సంఖ్యనే శీర్షికగా పెట్టాలి, ఊహించి పేరు ఇవ్వకూడదు.

ఒకే ద్వీపం తన రెండు పేర్లను రెండు ఓడలకు ఇచ్చిన ఉదాహరణ కచ్చల్. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద దాడికి క్షిపణి పడవలను వెంటబెట్టుకు వెళ్ళిన రెండు ఓడల్లో ఐఎన్‌ఎస్ కచ్చల్ ఒకటి, కిల్తాన్ ఇంకొకటి. ఆ ద్వీపానికి నికోబారీల పేరు తిహాయు. 2016లో విశాఖపట్నంలో సేవలో చేరిన ఐఎన్‌ఎస్ తిహాయుకు ఆ పేరే పెట్టారు. ఈ రెండు ఓడలకూ ఒకే నేల అని ఏ పటమూ చెప్పదు, వ్యాసమే చెప్పాలి. ఐఎన్‌ఎస్ అండమాన్ గురించి రాసేటప్పుడు దాని అంతాన్ని వదిలేయకూడదు. 1990 ఆగస్టులో అది బంగాళాఖాతంలో మునిగిపోయింది, నావికులు ప్రాణాలు కోల్పోయారు. రిటైరైన ఓడ, బహుమతిగా వెళ్ళిన ఓడ, మునిగిన ఓడ: 'ప్రస్తుతం సేవలో లేదు' అన్న ఒక్క మాటతో మూడింటినీ సరిపెట్టడం ఆ నావికులకు అన్యాయం.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణలు

1971 యుద్ధానికి ముందు విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ జలాల్లో ఉంటే, అది విశాఖ దగ్గరే ఉందన్న భ్రమ కల్పించడానికి ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ను వాడారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ బయట మునిగింది. ఈ ఒక్క కథలో మూడు పేర్లకూ వివరణ కావాలి. ఆ విక్రాంత్ 1961లో చేరి 1997లో విరమించినది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో చేరిన విక్రాంత్ వేరు. ఆ రాజ్‌పుత్ బ్రిటన్ నుంచి కొన్న పాత విధ్వంసక నౌక. 2021 మేలో విశాఖలో విరమించిన రాజ్‌పుత్ 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చినది. ఘాజీ అంతకుముందు అమెరికా జలాంతర్గామి డయాబ్లో. చాలామందికి తెలిసిన పేరునే శీర్షికగా పెట్టి, మిగతా పేర్ల నుంచి చదువరిని అక్కడికి పంపాలి. అది ఇక్కడ ఘాజీ.

గోదావరి పేరుకూ ఇలాంటి చరిత్రే ఉంది. హెచ్‌ఎంఐఎస్ గోదావరి దేశ విభజనలో పాకిస్తాన్ వాటాకు వెళ్ళి సింధ్ అయింది. ఆ తర్వాత బ్రిటన్ నుంచి 1953లో వచ్చిన ఓడకు, 1983లో చేరిన ఫ్రిగేట్‌కు భారత నౌకాదళం ఆ పేరు మళ్ళీ ఇచ్చింది. కృష్ణ పేరుతోనూ రెండు ఓడలు ఉండేవి. పాతది కిస్ట్నా అన్న వలసకాలపు వర్ణక్రమంలో నమోదైంది. ఆ ఓడ గురించి రాసేటప్పుడు కిస్ట్నా అనే రాయాలి, నది పేరు కృష్ణ అని పక్కన చెప్పాలి. ఓడ పేరును మనకు నచ్చినట్టు దిద్దితే పాత పత్రాల్లో దాన్ని వెతుక్కోవడం కష్టం.

ఊళ్ళ పేర్లకూ ఈ నియమమే. 2024 సెప్టెంబరు 13 నుంచి పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం. 2018 డిసెంబరు 30న రాస్ ద్వీపం నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా, నీల్ షహీద్ ద్వీపంగా, హ్యావ్‌లాక్ స్వరాజ్ ద్వీపంగా మారాయి. 2017లో చేరిన ఓడ 'శ్రీ విజయపురంలో చేరింది' అంటే కాలదోషం. 'పోర్ట్ బ్లెయిర్‌లో, నేటి శ్రీ విజయపురంలో' అనడం సరి. నిజానికి పోర్ట్ బ్లెయిర్ మొదటి పేరే వేరు. 1789లో బ్లెయిర్ పెట్టిన వలసను పోర్ట్ కార్న్‌వాలిస్ అన్నారు. 1792లో వలసను ఉత్తర అండమాన్‌కు తరలించినప్పుడు ఆ పేరు కూడా అక్కడికి వెళ్ళింది. 1790 నాటి ఉత్తరంలో, 1795 నాటి ఉత్తరంలో పోర్ట్ కార్న్‌వాలిస్ అంటే రెండు వేరు వేరు రేవులు.

తెలుగులో రాయడం

ఇంగ్లిషు గ్రంథాల్లో ఓడ పేరును వాలు అక్షరాల్లో వేసి, ముందున్న సంక్షిప్తాన్ని నిలువుగా ఉంచుతారు. తెలుగు ముద్రణలో వాలు అక్షరాలు కంటికి ఇబ్బంది, చిన్న సైజులో ఒత్తులు చెదిరిపోతాయి. ద్వీపానికీ ఓడకూ తేడా చూపడానికి ఐఎన్‌ఎస్ అన్న అక్షరాలే చాలు. ఒక పేరాలో మొదటిసారి వాటితో రాసి, తర్వాత 'కమోర్తా నౌక', 'కమోర్తా ద్వీపం' అని విడదీస్తే చదువరికి కష్టం ఉండదు. 'ఐఎన్‌ఎస్ నౌక' అనడం పునరుక్తి, ఆ అక్షరాల్లోనే నౌక ఉంది. ఇంగ్లిషులో ఓడను స్త్రీగా చెప్పే అలవాటు ఉంది. నౌకావాణిజ్య పత్రిక లాయిడ్స్ లిస్ట్ 2002లో దాన్ని మానుకుంది. తెలుగులో ఓడ ఎప్పుడూ 'అది'యే, ఈ చర్చ మనకు అక్కర్లేదు.

తేదీల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. జలప్రవేశం అంటే ఓడ పొట్ట మొదటిసారి నీటిని తాకడం. సేవలో చేరడం అంటే జెండా ఎగరేసి నౌకాదళంలో భాగం కావడం. కోల్‌కతాలో కట్టిన కమోర్తా 2010 ఏప్రిల్‌లో జలప్రవేశం చేసింది, నాలుగేళ్ళ తర్వాతే సేవలో చేరింది. సేవలో చేరే సభను 'జలప్రవేశం' అని రాసిన వార్తను చూసి గ్రంథం రాస్తే నాలుగేళ్ళ తప్పు స్థిరపడుతుంది. జెండా ఎగరకముందు ఆ ఓడ పేరు ముందు ఐఎన్‌ఎస్ ఉండదు. జెండా దించాక కూడా ఉండదు. 2024 జనవరి 12న పోర్ట్ బ్లెయిర్‌లో చీతా, గుల్దార్, కుంభీర్ అనే మూడు దిగుడు ఓడలు నాలుగు దశాబ్దాల సేవ తర్వాత విరమించాయి. ఇప్పుడు వాటిని 'పూర్వపు ఐఎన్‌ఎస్ గుల్దార్' అన్నట్టు రాయాలి.

అకారాది క్రమంలో ఓడలను ఐఎన్‌ఎస్ కింద చేర్చకూడదు. అలా చేస్తే మొత్తం నౌకాదళం 'ఐ' అక్షరం దగ్గర గుమిగూడుతుంది. పేరు ముందు, మిగతాది తర్వాత ఉండాలి: కమోర్తా, ఐఎన్‌ఎస్ (2014); కమోర్తా, ఐఎన్‌ఎస్ (అదే పేరుతో అంతకుముందున్న సోవియట్ నిర్మిత ఓడ); కమోర్తా ద్వీపం. మూడూ పక్కపక్కన ఉంటే వెతికేవారికి తేడా అక్కడే తెలుస్తుంది.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఈ దీవుల పేర్లు పెట్టుకున్న యుద్ధనౌకల్లో కొన్ని విశాఖపట్నంలోనే సేవలో చేరాయి. ఈ ఓడల చరిత్రను తెలుగులో రాయబోయేవారు పేరు పక్కన సంవత్సరం వేయడం మరవవద్దు, స్థావరాన్ని ఓడ అనవద్దు, ఆ కాలం ఇచ్చిన అక్షరాలను మార్చవద్దు.